మూడో ప్రకటన

మా సంఘంలో పెళ్ళి కుదిరితే వరుసగా మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. ఫలానా వారి అబ్బాయికి ఫలానా వారి అమ్మాయితో పెళ్ళి నిశ్చయమైంది, దీనికి అడ్డు చెప్పవలసిన కారణం ఎవరికైనా తెలిస్తే చెప్పండి అని. చదవడం అయ్యాక అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, కాగితం మడుస్తూ కాస్త ఆగుతారు. చిన్నప్పటినుంచి ఇలాంటి ప్రకటనలు ఎన్నో విన్నాను కానీ, ఆయన అక్కడ ఆగుతారని నా పేరు చదివిన రోజు వరకు గమనించలేదు. ఆ రోజు లెక్కపెట్టాను. నాలుగు సెకన్లు.

నాలుగు సెకన్లలో చాలా తలలు చూడొచ్చు. మగవాళ్ళ వైపు మూడో బెంచీలో మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు గారు కూర్చున్నారు. ఆడవాళ్ళ వైపు కిటికీ పక్కన అమ్మాయి వాళ్ళ పిన్నిగారు. ఈ సంబంధం తెచ్చింది ఆవిడే. ఆవిడని మా ఊరే ఇచ్చారు. ఇల్లు కాలవగట్టుకి ఎదురుగా ఉంటుంది. ఆవిడ వెనకాల మా అమ్మ. డాక్టరు గారికి నా గురించి రెండు విషయాలు తెలుసు. అమ్మకి ఒకటే తెలుసు. పిన్నిగారికి ఏమీ తెలియదు, కానీ అన్నీ చూస్తారు. ఈ ముగ్గురిలో ఎవరు నోరు తెరిచినా నా పెళ్ళి ఆగిపోతుందని నా లెక్క.

ఆ రెండు విషయాలూ ఇవి.

ఒకటి, నాకు సికిల్ సెల్ జబ్బు ఉంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ నొప్పి. మోకాళ్ళు, వెన్ను, పక్కటెముకలు. కళ్ళు ఎప్పుడూ కొంచెం పచ్చగా ఉంటాయి. అమ్మాయి వాళ్ళకి మేం చెప్పింది మాత్రం ‘ఒంట్లో కాస్త రక్తం తక్కువ’ అని.

రెండోది, అదే రక్తం పైకి చెప్పుకోలేని చోట కూడా ఇరుక్కుంటుంది. ఏ కోరికా లేకుండానే తెల్లవారుజామున అంగం గట్టిపడి, ఇక తగ్గదు. నొప్పి పెడుతుంది. లోపలికి వచ్చిన రక్తం బయటికి పోలేక నిలిచిపోవడం అది. కాసేపట్లో తగ్గితే సరే. గంటల తరబడి నిలిచిపోతే లోపల దెబ్బతింటుంది, ఆ తర్వాత మనిషి ఎప్పటికీ సంసారానికి పనికిరాకుండా పోవచ్చు. నెల రోజుల్లో పెళ్ళి పెట్టుకున్నవాడిగా నాకు కావలసిన సమాచారం అంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

మొదటిసారి వచ్చినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. కాకినాడలో ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చదువుతూ హాస్టల్లో ఉన్నాను. బాత్రూములో ముప్పావుగంట నిలబడిపోయి బయటికి వస్తే, మండపేట నుంచి వచ్చిన నా రూమ్మేటు తలుపు దగ్గర తువ్వాలుతో కాచుకుని ఉన్నాడు.

“ఏరా, లోపల కాపరం పెట్టేవా?”

కొంచెం చెప్పాను. పూర్తిగా కాదు.

“వేడి చేసిందిరా నీకు. ఆవకాయ మానెయ్. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగు. అప్పటికీ తగ్గకపోతే మీ అమ్మకి నేనే ఫోను చేస్తాను, పెళ్ళి చేసెయ్యండి అని.”

మా వైపు ఒంట్లో ఏ బాధకైనా రెండే కారణాలు. వేడి చేయడం, చలవ చేయడం. నాది వేడి అని రూమ్మేటు అన్నాడు. తర్వాత నేనూ నమ్మాను. వేడికి మందు చలవ. కాబట్టి అది వచ్చినప్పుడల్లా చన్నీళ్ళు గుమ్మరించుకున్నాను. అప్పటికే నాకో నోటుబుక్కు ఉంది. నిలువు గీతలు కొట్టి అయిదు గడులు చేసుకున్నాను: తేదీ, మొదలైన సమయం, తగ్గిన సమయం, అంతకుముందు రోజు తాగిన నీళ్ళు, తగ్గడానికి చేసిన పని. చన్నీళ్ళు పోసుకున్న రోజుల్లో తగ్గడానికి ఎక్కువసేపు పడుతోందని ఆ గడులే చెబుతున్నాయి. సంవత్సరం తిరక్కుండానే నాకది కనిపించింది. కానీ అంతమంది చెప్పే మాట తప్పు ఎలా అవుతుంది? అందుకని పట్టికనే అనుమానించాను. రాయడంలో ఎక్కడో పొరపాటు చేసి ఉంటానని ఇంకా జాగ్రత్తగా రాసుకుంటూ, ఇంకా చన్నీళ్ళు పోసుకుంటూ పోయాను.

చదువయ్యాక మలికిపురంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో చేరాను. రైతులు సీసాల్లో నీళ్ళు తెస్తారు, మేం ఉప్పు ఎంత ఉందో, అమ్మోనియా ఎంత ఉందో చూసి కాగితం రాసిస్తాం. నా పని నాకిష్టం. నీళ్ళు అబద్ధం చెప్పవు. తెచ్చినవాళ్ళు చెబుతారు.

పోయిన మే నెలలో ఒక రోజు తెల్లవారి నాలుగూ ఇరవైకి మొదలైంది. ఎనిమిదైనా తగ్గలేదు. అమ్మతో కడుపునొప్పి అని చెప్పి ఆర్‌ఎంపీ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను పరదా వెనక్కి తీసుకెళ్ళి చూసి, మళ్ళీ పరదా బిగించారు.

“ఏం వేసుకున్నావు బాబూ?”

“ఏమీ వేసుకోలేదండి.”

“నా దగ్గర దాచకు. మాత్రా? పొడుమా? రావులపాలెం బస్టాండులో అమ్ముతున్నారంటగా.”

“లేదండి. పడుకుని లేచేటప్పటికి ఇలా ఉందండి.”

“ఆయ్. అందరం పడుకునే లేస్తాం” అన్నారు.

ఆయన చెడ్డవారు కాదు. పక్కనున్న చేపల షెడ్డు నుంచి ఐసు తెప్పించి, గుడ్డలో మూటకట్టి పెట్టుకోమన్నారు. వేడి కదా మరి. రొయ్యల వాసన వేస్తున్న ఆ ఐసుతో గంటసేపు కూర్చున్నాను. నొప్పి రెట్టింపయ్యింది. సికిల్ రక్తానికి చలి పడదని ఆయనకీ తెలియదు, నా దగ్గరున్న పట్టికలో రాసి ఉన్నా నాకూ తెలియదు.

అమలాపురం వరకు ఆటోలో వెళ్ళాను. ప్రతి గతుకూ నాకు గుర్తుంది. అక్కడ ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు గారు కూడా అదే అడిగారు. మూడుసార్లు, మూడు రకాలుగా. పక్కనున్న సిస్టరమ్మ జాలిపడి, “చెప్పెయ్యండి బాబూ, డాక్టరు గారేమీ మీ ఇంటికొచ్చి చెప్పరు” అంది. అప్పుడు నాకు సికిల్ సెల్ ఉందన్నాను. ఆయన పెన్ను కింద పెట్టేశారు.

“ఈ మాట ముందే చెప్పొచ్చు కదయ్యా.”

“మీరు వేరేది అడుగుతున్నారండీ” అన్నాను.

మత్తు ఇచ్చి, సూదితో లోపల నిలిచిపోయిన రక్తం తీశారు. నేరేడుపండు రసంలా నల్లగా ఉంది. పన్నెండూ పదికి తగ్గింది. మొత్తం ఏడు గంటల యాభై నిమిషాలు. ఇంటికి పంపేటప్పుడు ఆ డాక్టరు గారు, “ఇకమీదట ఎలా ఉంటుందో చూడాలి” అన్నారు. ఏం చూడాలో, ఎప్పుడు చూడాలో చెప్పలేదు.

చూశాను. అయిదు వారాలు అసలేమీ లేదు. ఆరో వారం మామూలుగా గట్టిపడింది, పది నిమిషాల్లో తగ్గింది. ఇంకొకడైతే సంతోషించేవాడు. నేను మాత్రం అది మామూలుదా, జబ్బుదా అని గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. అప్పటినుంచి నా ఒంట్లో కలిగే ఏ కదలికనీ నేను నమ్మలేదు. కోరిక కలిగితే అది నిజంగా కోరికేనా అని అనుమానం. కలగకపోతే, ఇక అంతేనా అని అనుమానం.

కాకినాడలో రక్తం జబ్బులు చూసే డాక్టరు గారి దగ్గరికి ఆ తర్వాతే వెళ్ళాను. ఆడ డాక్టరు. నాకు అక్క ఉంటే ఆ వయసుండేది. మోకాళ్ళ గురించి మాత్రమే చెప్పి వచ్చేద్దామని బస్సులోనే నిశ్చయించుకున్నాను. ఆవిడ మోకాళ్ళ గురించి అడిగారు, ఛాతీ గురించి అడిగారు, అదే గొంతుతో, “పొద్దుటి పూట అంగం గట్టిపడి నొప్పి పెట్టడం ఉందా?” అని అడిగారు. నేను తలుపు వైపు చూశాను.

“వేసే ఉందండీ. ఎంతసేపు ఉంటుంది?”

ఏం వేసుకున్నావని కాకుండా ఎంతసేపు ఉంటుందని నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడ. నేను నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ చన్నీళ్ళ గడి మీద వేలు పెట్టి, “ఇది మీకే తెలిసిపోయింది కదా” అన్నారు. దీన్ని ప్రయాపిజం అంటారనీ, సికిల్ సెల్ ఉన్న మగవాళ్ళు చాలామంది సిగ్గుతో చెప్పకుండా చేతులారా పోగొట్టుకుంటారనీ అన్నారు. అయిదు విషయాలు రాసుకోమన్నారు.

నీళ్ళు బాగా తాగాలి. మొదలవగానే మూత్రానికి వెళ్ళి, నడవాలి, గోరువెచ్చటి నీళ్ళు పోసుకోవచ్చు కానీ చన్నీళ్ళు, ఐసు ముట్టుకోకూడదు. రెండు గంటలు దాటితే ఇంక ఆలోచించకుండా ఆస్పత్రికి వెళ్ళి, ముందుగా సికిల్ సెల్ అనే మాట చెప్పాలి. ఆవిడ రాసిన హైడ్రాక్సీయూరియా రోజూ వేసుకోవాలి, కానీ పిల్లలు కావాలనుకున్నప్పుడు ముందే వచ్చి మాట్లాడాలి. అయిదోది: పెళ్ళి కుదిరితే ఆ అమ్మాయికి అన్నీ చెప్పి, రక్తపరీక్ష చేయించాలి. ఆమె రక్తంలోనూ ఈ లక్షణం ఉంటే పిల్లలకి జబ్బు రావచ్చు.

నాలుగింటి పక్కన టిక్కు పెట్టాను. అయిదోదాని పక్కన ఏమీ పెట్టలేదు.

అమ్మతో ఒకసారి ఆ మాట ఎత్తాను, జబ్బు వరకే.

“రక్తం తక్కువని చెప్పేం కదరా. అందులో అబద్ధం ఏం ఉంది?”

“పూర్తి నిజం కూడా లేదు కదమ్మా.”

“పూర్తి నిజాలు చెప్పుకుని ఎవరు పెళ్ళి చేసుకున్నారు? మీ నాన్న మస్కట్‌లో మేనేజరన్నారు నాకు.”

“కాదా?”

“మేనేజరు గారి కారు తుడిచేవారు. మానేసేనా నేను? కాపరం చెయ్యలా?”

నాన్న ఇప్పటికీ మస్కట్‌లోనే ఉన్నారు. పెళ్ళికి సెలవు పెట్టుకున్నారు. ఇప్పుడు నిజంగానే సూపర్‌వైజరు.

మొదటి ప్రకటన అయిన మంగళవారం ఆ అమ్మాయి ఫోను చేసింది. కొత్తపేటలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. భోజనాల బెల్లు కొట్టాక మాట్లాడుకునేవాళ్ళం.

“మీరు తెల్లారకుండానే కాలవగట్టు మీద నడుస్తారంటగదండీ?”

“ఎవరు చెప్పేరండీ?”

“పిన్ని. రోజూనా, అప్పుడప్పుడా?”

“అప్పుడప్పుడండి.”

“ఎలాంటప్పుడు?”

“నిద్ర పట్టనప్పుడు” అన్నాను.

“ఊఁ” అంది. ఆ ఊఁ ఎంతసేపు పలికిందో నాకిప్పటికీ గుర్తుంది. నేను నడవడం పిన్నిగారు చూసి ఉండొచ్చు. కానీ ఎలాంటప్పుడు అనే ప్రశ్న పిన్నిగారిది కాదు. దాని వెనక ఎవరో ఉన్నారు. నా లెక్కలో ఆ రెండో విషయం తెలిసినవాళ్ళు మా ఊళ్ళో ఒక్కరే. ఆర్‌ఎంపీ గారు.

గురువారం ఆ అమ్మాయి అన్నయ్య నేరుగా ల్యాబుకి వచ్చాడు. కొబ్బరికాయల వ్యాపారం ఆయనది. చేతిలో లీటరు సీసా.

“బాగున్నారాండీ బావగారూ. మా ఫ్రెండు చెరువు నీళ్ళండి. ఓసారి చూసి పెడతారేమో అని.”

“ఎంత వయసు పిల్లలండీ?” రొయ్య పిల్లల గురించి అడిగాను.

“ఎవరి పిల్లలండీ?”

అప్పుడే అనుమానం వచ్చింది. సీసా తీసుకుని పరీక్ష చేశాను. ఆయన కుర్చీ దగ్గరగా లాక్కుని నా మొహం వంకే చూస్తున్నాడు.

“రొయ్యలు ఎలా ఉన్నాయండీ ఈ చెరువులో?”

“బానే ఉన్నాయండి. ఆయ్.”

“ఉప్పు సున్నా ఉందండి. క్లోరిన్ ఉంది. ఇది కుళాయి నీళ్ళు బావగారూ.”

ఆయన ఏమీ సిగ్గుపడలేదు. “పోనీలెండి, తాగడానికి పనికొస్తాయి” అని నవ్వాడు. తర్వాత నా కళ్ళలోకి చూస్తూ, “కళ్ళు పచ్చగా ఉంటాయేంటండీ మీకు?” అన్నాడు.

“రక్తం తక్కువండి.”

“రక్తం తక్కువైతే తెల్లగా పాలిపోవాలి కదండీ?”

లెక్కల టీచరు అన్నయ్య అనిపించుకున్నాడు. నేను జవాబు వెతుక్కునేలోగా, “దాహంగా ఉందండీ” అంటూ బల్ల మీద ఉన్న నా బాటిలు ఎత్తి గటగటా తాగేశాడు. తాగి, మూత దగ్గర వాసన చూసి, పెట్టేశాడు. ఆయన తెచ్చిన సీసాలో లీటరు మంచినీళ్ళుండగా నా నీళ్ళెందుకు తాగాడో నాకు అర్థం కాలేదు. నన్ను చూడటానికి వచ్చాడు, అంతవరకు తెలిసింది. విషయం బయటపడిందని ఖాయం చేసుకున్నాను.

రెండో ఆదివారం ప్రకటన చదివాక ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లలో పిన్నిగారు వెనక్కి తిరిగి మా అమ్మ చెవిలో ఏదో అన్నారు. ఆరాధన అయ్యాక ఆర్‌ఎంపీ గారిని చెప్పులు విడిచేచోట పట్టుకున్నాను.

“నా సంగతి ఎవరికైనా చెప్పేరాండీ?”

“ఏ సంగతి?” అని, గుర్తొచ్చి గొంతు తగ్గించారు. “నేనెందుకు చెప్తానయ్యా. నా పరదా వెనక చూసినవన్నీ బయటపెడితే ఈ మండలంలో పెళ్ళిళ్ళే జరగవు.”

“మరి వాళ్ళకెలా తెలిసిందండీ?”

“తెలిసిందని నీకెవరు చెప్పేరు?” అన్నారు. ఆయన చెప్పులు వేసుకుని రెండడుగులు వేసి వెనక్కొచ్చారు. “పోనీ ఇప్పుడైనా చెప్పు. ఆ రోజు ఏం వేసుకున్నావు?”

మర్నాడు ఆ అమ్మాయి అమలాపురం రమ్మంది. బస్టాండు దగ్గర జ్యూసు షాపు. అన్నయ్య వచ్చి మూడు బల్లల అవతల కూర్చున్నాడు. ఆమె నా ఎదురుగా కూర్చుని, పర్సు ఒళ్ళో పెట్టుకుని, క్లాసులో అడిగినట్టే అడిగింది.

“మీరు తాగుతారాండీ?”

“ఏం తాగుతానండీ?”

“మందండీ.”

ఆమె వేళ్ళు మడుస్తూ చెప్పింది. తెల్లారకుండా బాటిలు పట్టుకుని గట్టు మీదికి వెళ్ళడం. కాళ్ళు ఎడంగా వేస్తూ తూలినట్టు నడవడం. పచ్చటి కళ్ళు. కాకినాడలో ఎవరో డాక్టరు దగ్గరికి నెలనెలా వెళ్ళడం, మానిపించే డాక్టరేమోనని. నాలుగు ఆధారాలు. పిన్నిగారి కిటికీలోంచి చూస్తే నాలుగూ సరిపోతాయి. బావగారు నా బాటిలు ఎందుకు వాసన చూశాడో కూడా సరిపోయింది.

ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు, సంతోషం. వీళ్ళకేమీ తెలియదు. నేను దేనికి భయపడ్డానో దాని జోలికే ఎవరూ రాలేదు. ఇప్పుడు నేను ఒక్క మాట చెబితే చాలు, అదీ నిజమైన మాటే.

“లేదండీ. ఒక్క చుక్క కూడా ఎప్పుడూ ముట్టుకోలేదు.”

ఆమె నా మొహం చూసి, నమ్మింది. భుజాలు కిందికి దిగాయి. అవతలి బల్ల దగ్గర్నుంచి అన్నయ్య, “నే చెప్పలా? అవి నీళ్ళే. నేను తాగి చూసేను” అన్నాడు. బత్తాయి జ్యూసులు చెప్పాడు. ఆదివారం మూడో ప్రకటన. అది కూడా అయిపోతే ఇక అడిగేవాళ్ళుండరు. జ్యూసు వచ్చింది. నేను సగం తాగాను.

“మరి ఆ టైములో నీళ్ళు పట్టుకుని ఎందుకు నడుస్తారండీ?” అంది.

అడగక మానుతుందని ఎలా అనుకున్నానో. లెక్కలో ఒక మెట్టు వదిలేస్తే మార్కులు కోసే మనిషి. మళ్ళీ నిద్ర పట్టక అని చెప్పొచ్చు. కానీ ఆ జవాబుని ఆమె ఒకసారి విని ఊఁ అన్నది, అంటే దాన్ని పక్కన పెట్టి ఉంచింది. ఇంకోసారి చెబితే అది పెళ్ళయ్యాక కూడా ఆ పక్కనే ఉంటుంది. పైగా ఏదో ఒక తెల్లవారుజామున ఆమె నా పక్కన లేచి చూస్తుంది. అప్పుడు నేను ఏం వేసుకున్నానని అడిగే మరో మనిషి ఆమె అవుతుంది.

సంచిలోంచి నోటుబుక్కు తీశాను. రైతుకి రిపోర్టు చదివినట్టు వరసగా చెప్పాను. ముందు జబ్బు పేరు. తర్వాత చోటు. తర్వాత మే నెల. గొంతు ఎక్కడా పెంచలేదు, మిక్సీ తిరుగుతున్నప్పుడు మాత్రం ఆగాను. ఆమె తల దించుకోలేదు, నా వైపూ చూడలేదు. నోటుబుక్కు తన వైపు తిప్పుకుని చదవడం మొదలుపెట్టింది.

“ఏడు గంటల యాభై నిమిషాలా?”

“అవునండీ.”

“ఆ తర్వాత… బానే ఉందాండీ?”

“చాలావరకండి. పూర్తిగా అని నేను రాయలేను. రాసినంతవరకు ఇక్కడుంది.”

ఆమె మరో పేజీ తిప్పింది. “ఇవన్నీ ఎప్పటికప్పుడు రాసినవేనా, నాకోసం నిన్న కూర్చుని రాసేరా?”

“ఇంకులు చూడండి.”

నిజంగానే చూసింది. పేజీ వెలుతురుకి పట్టుకుని, నీలం ఎక్కడ ఆగి నలుపు ఎక్కడ మొదలైందో చూసింది. చన్నీళ్ళ గడి దగ్గర ఆగి, “ఇది తెలిసి కూడా రెండేళ్ళు పోసుకున్నారా?” అంది. అవునన్నాను. చివరికి డాక్టరు గారు రాయించిన అయిదు విషయాల దగ్గరికి వచ్చింది. టిక్కు లేని చోట వేలు పెట్టింది.

“మొదటి ప్రకటన అయ్యాక చెప్తున్నారు.”

“రెండోది కూడా అయిపోయిందండి” అన్నాను. అదెందుకన్నానో, లెక్క సరిచేయాలనిపించింది.

“అదే నేనూ అంటున్నాను.” నోటుబుక్కు మూసింది. “మూడోది ఆపించండి. నా రక్తం రిపోర్టు వచ్చేవరకు.”

“వచ్చాక?”

“వచ్చేక చెప్తాను.”

అన్నయ్యని పిలిచి, జబ్బు పేరు వరకు చెప్పింది. మిగతాది చెప్పలేదు. ఆయన నా వైపు చూసి, “రక్తం తక్కువన్నారు కదండీ” అన్నాడు. ఈసారి నవ్వలేదు.

అయ్యగారి దగ్గరికి వెళ్ళి, ఒక రక్తపరీక్ష ఉంది, అది వచ్చేవరకు చదవద్దని అడిగాను. ఆయన ఏ పరీక్ష అని అడగలేదు. మూడో ఆదివారం ఆయన యువజనుల కూడిక గురించి చదివారు, మైకుసెట్టు బాగుచేయించడం గురించి చదివారు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆగలేదు. బెంచీలన్నీ ఒకేసారి నా వైపు తిరిగాయి. కొత్తపేట దగ్గర వాళ్ళ చర్చిలో కూడా అదే సమయానికి అవే తలలు తిరిగి ఉంటాయి. అక్కడ ఆమె ఎలా కూర్చుందో నేను ఎప్పుడూ అడగలేదు.

మధ్యాహ్నం అమ్మ కంచం నా ముందు గట్టిగా పెట్టింది.

“దేనికి ఆపించేవు?”

అప్పుడు అమ్మకీ చెప్పాను, రెండోది కూడా. చారు చల్లారిపోయింది. అమ్మ, “నీ గుడ్డలు ఉతికేది నేనే గదరా. ఏదో ఉందని తెలుసు. వేడనుకున్నాను” అంది. హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన నాటినుంచి ప్రతిరోజూ పొద్దున్నే నాకు చెంబుడు బార్లీ నీళ్ళు ఎందుకు ఇస్తోందో ఆ రోజు తెలిసింది. అన్నీ అనుమానించేవాణ్ణి, దాన్ని మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. ఆ నీళ్ళు నేను పట్టికలో కలపలేదు కూడా.

రిపోర్టు శుక్రవారం వచ్చింది. ఆమె ఫోనులో మొదటి వరస నుంచి చివరి వరస వరకు చదివింది. తనలో సికిల్ లక్షణం లేదు. నేను ఊపిరి పీల్చుకునేలోగా, “ఇంకా నేనేమీ చెప్పలేదండి” అంది. “ఆ డాక్టరు గారిని చూడాలి. మీరు చెప్పింది కాదు, ఆవిడ నోటితో వినాలి.”

అన్నయ్య కారులో ముగ్గురం కాకినాడ వెళ్ళాం. నేను లోపలికి వెళ్ళబోతే, “మీరు బయట కూర్చోండి” అంది. ఇరవై అయిదు నిమిషాలు. తలుపు వేసే ఉంది. ఏం అడిగిందో, ఏం విన్నదో ఇప్పటికీ నాకు చెప్పలేదు. బయటికి వచ్చి, “మీరు చెప్పింది చాలావరకు సరిపోయిందండి” అంది. చాలావరకు అన్న మాట నాదే. నాకే తిరిగి ఇచ్చింది. తిరుగు దారంతా కాలవ గట్ల మీద కొబ్బరిచెట్లు చూస్తూ కూర్చుంది. కారు యానాం దాటాక, ముందు సీట్లోంచి వెనక్కి తిరగకుండానే, “ఆదివారం చదవమనండి” అంది.

మూడో ప్రకటన అయ్యాక నాలుగు సెకన్లు. మూడో బెంచీలో ఆర్‌ఎంపీ గారు గొంతు సవరించుకున్నారు. ఆయనకి ఉత్త దగ్గు.

పెళ్ళై ఇప్పటికి అయిదు నెలలు. సంసారం గురించి ఇక్కడ రాయవలసింది తక్కువ. బాగున్న రోజులున్నాయి, అనుమానంగా గడియారం చూసుకున్న రోజులూ ఉన్నాయి. అలాంటి రోజు ఒకటి పోయిన వారం వచ్చింది. చీకటి ఇంకా పూర్తిగా విడలేదు. నేను మెల్లగా లేచి నోటుబుక్కులో నాలుగూ యాభై అని రాయబోతున్నాను.

“నాలుగూ నలభై” అంది పక్కమీదినుంచి. “మీరు లేవకముందే చూసేను.”

కొట్టేసి నాలుగూ నలభై రాశాను. మూత్రానికి వెళ్ళొచ్చాక బాటిలు నింపి ఇచ్చింది. ఆరూ నలభై వరకు చూస్తానని, ఆ తర్వాత అన్నయ్యకి ఫోను చేస్తానని చెప్పి, తను కూడా చెప్పులు వేసుకుంది. నా గడియారం మీద నమ్మకం లేక తన ఫోను చేత్తో పట్టుకుంది. కాలవగట్టు మీద ఇద్దరం నడిచాం. నేను కాళ్ళు ఎడంగా వేస్తూ, ఆమె నా నడకకి సరిపడా నెమ్మదిగా. పిన్నిగారి ఇంటి ఎదురుగా వచ్చేసరికి కిటికీ రెక్క తెరుచుకుంది.

“పిన్ని చూస్తోంది. బాటిలు ఇటివ్వండి” అంది.

ఇచ్చాను. కిటికీ వైపు తిరిగి నిలబడి, తల వెనక్కి వాల్చి, సగం బాటిలు తాగేసి, మూతి తుడుచుకుంది.

యాభై నిమిషాల్లో తగ్గింది. తగ్గిన సమయం ఆమే రాసింది.